కంచు పలక బరువు

మా పెద్దాయన అన్సెల్మ్ గెరినోకి బరువంటే అసహ్యం. కొందరికి పిల్లి ఎదురైతే ఎలా ఉంటుందో, ఆయనకి అవసరం లేని లోహం కనిపిస్తే అలా ఉంటుంది. బోల్టు కనబడితే దాని నడుమ తొలిపించేవాడు. ప్లగ్గు తీగ కాస్త పొడుగ్గా ఉంటే కత్తిరించేవాడు. భోజనాల బల్ల దగ్గర చెంచా చేత్తో పట్టుకుని, దీని కాడ ఇంత మందం ఎందుకని వంటావిడని నిలదీసిన మనిషి. ఆవిడ కూడా తక్కువది కాదు, రేపటి నుంచి చేత్తో తినమంది.

మా పని అలాంటిది మరి. ప్యూతోలో సెన్ నది ఒడ్డున మాది చిన్న కార్ఖానా. విమానాలకి ఇంజన్లు చేసేవాళ్లం. అంతకుముందు అందరూ కార్ల ఇంజన్లనే తెచ్చి రెక్కల కింద బిగించేవాళ్లు. వాటికి నీళ్ల తొట్టి, పెద్ద బరువు చక్రం, గొట్టాలు, నానా సంత. అంత సామాను మోసుకుని విమానం ఏం ఎగురుతుంది, గడ్డి మీద కోడిపెట్టలా నాలుగు గెంతులు గెంతి కూలబడేది. మా పెద్దాయన ఇంజనునే తిరగేసి ఆలోచించాడు. ఆయన ఇంజనులో ఇరుసు కదలకుండా ఉంటుంది, దాని చుట్టూ ఏడు సిలిండర్లూ గిర్రున తిరుగుతాయి. తిరిగే సిలిండర్లకి వాటి గాలే చల్లదనం, నీళ్లక్కర్లేదు. తిరిగేదే బరువు చక్రం, వేరే చక్రం అక్కర్లేదు. అప్పట్లో ఆ పద్ధతిలో పనిచేసినవాళ్లు మేమొక్కళ్లమే కాదు, కానీ మా దానంత తేలిక ఇంజను ఇంకొకటి చూపించమనండి. నేను చూడలేదు.

ఆ తేలికంతా మా ఆయన చేతిలోంచి వచ్చింది. ఆ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. మా ఆయన పేరు బెన్వా షవాన్. మాది తుపాకులు చేసే ఊరు, సెంతెతియెన్. అక్కడ ఆయన తుపాకి గొట్టాలు తొలిచేవాడు, నేను తుపాకుల మీద ఆకులూ పూలూ వేటకుక్కలూ చెక్కేదాన్ని. గొట్టాలు పేల్చి చూసే చోట ఏళ్ల తరబడి నిలబడి ఆయన చెవులు పోయాయి. నా పెదాలు చూసి మాట గ్రహిస్తాడు, వేరేవాళ్లు మాట్లాడితే నా వంక చూస్తాడు. గుమ్మడికాయంత ఉక్కు దిమ్మ ఆయన లేత్ ఎక్కితే, దిగేసరికి రొట్టె పైపెచ్చంత పల్చటి గోడలున్న సిలిండర్ అయ్యేది. మిగతాదంతా కింద పొట్టుగా పడి ఉండేది. కాస్త ఎక్కువ తీస్తే సిలిండర్ పేలిపోతుంది, కాస్త తక్కువ తీస్తే పెద్దాయన పేలిపోతాడు.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. తుపాకి మీద పనిచేసిన ప్రతివాళ్లూ దాని కర్ర కింద, కొన్నవాడికి కనబడని చోట, తమ గుర్తు వేస్తారు. ఎప్పుడో ఎవరో మరమ్మతుకి విప్పినప్పుడు, ఓహో ఇది ఫలానావాడి చెయ్యి అనుకోవాలి. అంతే, ఇంకేం ఆశ లేదు. బెన్వా గుర్తు కోడి అడుగు, మూడు గీతలు. నాది నాలుగు చుక్కల పువ్వు. అలవాటు కొద్దీ ఆయన మా మొదటి ఇంజను సిలిండర్ అడుగున, లోపలికి పోయే అంచు మీద, బియ్యపు గింజంత కోడి అడుగు వేశాడు. పెద్దాయన భూతద్దం పెట్టి అంచు చూస్తూ దాన్ని కనిపెట్టాడు. ఆకురాయి తెచ్చి తన చేత్తోనే అరగదీశాడు.

"గీత పడ్డచోట పగులు మొదలవుతుంది. అదొకటి. ఈ ఇంజను మీద ఒక్క పేరే ఉంటుంది, అది రెండు," అన్నాడు.

మొదటిది న్యాయమే. ఉక్కుతో బతికేవాళ్లం, మాకు తెలియదా. రెండోదానికే నా ఒళ్లు మండింది. అరగదీసిన చోటు చూసి బెన్వా లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి పెద్దాయనతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. చలికాలమంతా అలాగే గడిచింది. పని మాత్రం ఇంకా బాగా చేశాడు, అదే ఆయన పెంకితనం. పెద్దాయనకి ఏదైనా కావాలంటే నా దగ్గరికొచ్చి మీ ఆయన్ని అడుగు అనేవాడు. పక్కనే ఉన్నాడు కదా మీరే అడగండి అంటే, చెవిటివాడికి నేనేం చెప్పను అని గొణిగేవాడు. చెవులు ఆయనకి లేవా, మీకు లేవా అని ఒకసారి అడిగేశాను. ఆముదం తాగిన మొహం పెట్టి వెళ్లిపోయాడు.

నాకు కావలసింది ఒక్కటే. బెన్వా కళ్లు మసకబారుతున్నాయి, ఇంకెన్ని సిలిండర్లు తీస్తాడో తెలియదు. ఆయన చెయ్యి పడ్డ ఇంజను ఒక్కదాని మీదైనా ఆయన గుర్తు నిలిచి ఉండాలి. దాని కోసం పెద్దాయనతో రోజూ ఏదో ఒక వంకన పోట్లాడుతూనే ఉన్నాను.

పెద్దాయన చెప్పిన ఆ ఒక్క పేరు గురించి కూడా చెప్పాలి. ఆయన తండ్రి నీళ్ల పంపులు చేసేవాడు. ప్రతి పంపుకీ కంచు పలక, దాని మీద ఉబ్బెత్తుగా గెరినో అని పేరు. ఆ అచ్చునే కొడుకు దాచుకున్నాడు. పంపు కోసం చేసిన పలక కదా, అరచేయంత వెడల్పు, వేలెడు మందం. మా కార్ఖానాలో ఇంజను తయారై, కాటా ఎక్కి, పరీక్షగా తిరిగి, అంతా అయ్యాక ఒక వేడుక జరిగేది. బిడ్డకి నామకరణం చేసినట్టే. అందరం చుట్టూ నిలబడేవాళ్లం, పెద్దాయన తన చేత్తో పలక బిగించేవాడు, దాని మీద రెండు చుక్కలు ఎర్ర ద్రాక్షసారా పోసి, మిగతాది మేం తాగేవాళ్లం.

ఆ ఏడు వసంతానికి ఇంజన్ల పోటీ ఒకటి పెట్టారు. షరతు ఏమిటంటే ఇంజను సర్వాంగాలతో డెబ్బై అయిదు కిలోలు మించకూడదు, ఆపకుండా మూడు గంటలు తిరగాలి. గెలిస్తే సైన్యం వాళ్లు చూస్తారు. ఓడితే మా కార్ఖానాని నదికి అవతలి పెద్ద కార్ల ఫ్యాక్టరీవాళ్లు కొనేసుకుంటారని, మమ్మల్ని తలో మూలకి వేస్తారని అప్పటికే గుసగుసలున్నాయి. ముసలి చెవిటివాణ్ని ఏ ఫ్యాక్టరీ పెట్టుకుంటుంది చెప్పండి.

పెద్దాయన చలికాలమంతా బరువు మీద పడ్డాడు. కమ్మరి లె గ్వెన్ చేత పిస్టన్ కడ్డీల నడుములు సన్నం చేయించాడు. లె గ్వెన్ పడమటి తీరపు బ్రెతాన్ మనిషి, వారానికి మూడు మాటలు మాట్లాడితే గొప్ప. సెలెస్తిన్ రూసలో అని మా పోతపని మనిషి, పిస్టన్లు అతని చేతివి. ఒక్కో పిస్టన్ పోసి, విరగ్గొట్టి, మళ్లీ పోసి, చివరికి గుడ్డు పెంకులా పోశాడు. సెలెస్తిన్ నన్ను వదినా అంటాడు. "వదినా, ఈయన ఇలాగే పోతే మనల్ని కూడా కాటా ఎక్కించి కోస్తాడు," అనేవాడు. చివరికి ఇంజను కాటా ఎక్కింది, ముల్లు సరిగ్గా డెబ్బై అయిదు దగ్గర నిలబడింది. పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత అలవాటు ప్రకారం పలక బిగించి సారా పోసుకున్నాం.

మీకు అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు. చెంచా కాడ దగ్గర కూడా గ్రాములు లెక్కపెట్టిన మహానుభావుడికి పలక బరువు తోచలేదు. ఆయనకే కాదు, మాలో ఏ ఒక్కరికీ తోచలేదు. ఎందుకంటే అది మా దృష్టిలో లోహం కాదు, పేరు.

విమానాలు ఎగిరే ఇస్సీ మైదానం పక్కన ఒక రేకుల షెడ్డులో తూకం. ముందురోజే పోటీవాళ్లు వచ్చి సిలిండర్లు కొలిచి, ఇంజనుకి లక్క సీళ్లు వేసి వెళ్లారు. ఇక విప్పడానికి లేదు. తూకం చూసేవాళ్లకి పెద్ద తెవెనార్ గారు, ఫిరంగి దళంలో కల్నల్‌గా చేసి దిగిన ముసలాయన. మా ఇంజను కాటా ఎక్కించారు. ముల్లు వెళ్లింది, వెళ్లింది, అర కిలో దాటి ఇంకా అవతలికి వెళ్లి ఆగింది.

పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు ఆయన చూపు పలక మీద పడింది. అందరం ఒక్కసారే చూశాం. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతమందిమి ఉండి, ఇన్నాళ్లు తూచి, ఇంత ముద్దని కళ్లెదుట పెట్టుకుని చూడలేదు.

పెద్దాయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పలక తనే విప్పాడు. కోటు జేబులో వేసుకున్నాడు. ఆ జేబు రోజంతా ఒక పక్కకి వేలాడుతూనే ఉంది. మళ్లీ తూచారు. ఇంకా ఒక గుడ్డు బరువు ఎక్కువ.

అదెక్కడిదంటే, అది కూడా ఆయన చలవే. సీళ్లు వేసే ముందు శుభం అని చెప్పి ఇంకొక్కసారి తిప్పి చూశాడు. మా ఇంజను తాగేది ఆముదం. వేరే నూనె అయితే పెట్రోలులో కలిసి కొట్టుకుపోతుంది, ఆముదం నిలుస్తుంది. ఆ ఆముదం మూలమూలలా మిగిలిపోయింది, సీళ్లు పడ్డాక ఎలా తీస్తాం. అది ఆముదం, ఇంజను కాదు అని పెద్దాయన వాదించాడు. తెవెనార్ గారు ఓపిగ్గా విన్నారు.

"ఇంజను లోపల ఉన్నదంతా ఇంజనేనండి. ఇంకో మాట. రూలు ప్రకారం చేసినవాళ్ల పేరు ఊడదీయడానికి వీల్లేకుండా ఇంజను మీద ఉండాలి. మీరు పేరు తీసేశారు. సాయంత్రం అయిదు వరకూ కాటా ఇక్కడే ఉంటుంది. చేత్తో చేసే పని ఏదైనా చేసుకోండి, సీలు మాత్రం ముట్టుకోవద్దు," అన్నారు.

పేరు ఉంటే బరువు. పేరు లేకపోతే చెల్లదు. పేరు తీసినా గుడ్డు బరువు ఎక్కువే. సెలెస్తిన్ ఒక పెట్టె మీద కూలబడ్డాడు. పెద్దాయన ఇంజను చుట్టూ తిరుగుతూ ప్రతి బోల్టూ తడిమి చూస్తున్నాడు, ఇంకా ఎక్కడైనా తీయడానికి మిగిలిందా అని. ఎక్కడా మిగల్లేదు. ఒక్కచోట తప్ప. ఇంజను ముందు మూత మీద గుండ్రంగా మందపాటి పట్టీ ఉంది. పలక బిగించడానికని వదిలిన మందం అది. పలక ఒకవైపే ఉంటే తిరిగేటప్పుడు ఊగుతుంది కనుక, సరితూగడానికి చుట్టూతా పట్టీ పెట్టి, పలక బిగించినప్పుడే అవతలి వైపు ఒక సీసపు ముక్క కూడా బిగించాడు. ఇందాక పలకతోపాటు ఆ ముక్క కూడా విప్పేశాడు. ఆకురాయితో పట్టీ అరగదీద్దామన్నాడు లె గ్వెన్. చేత్తో చుట్టూ సమానంగా ఎలా అరగదీస్తావు, అదీకాక పేరెక్కడ పెట్టాలి అని పెద్దాయన కసిరాడు.

నిజం చెప్పొద్దూ, ఆయన మీద జాలి కంటే నాకు కోపమే ఎక్కువగా ఉంది. బియ్యపు గింజంత కోడి అడుగుని ఓర్చుకోలేక అరగదీసిన మనిషి, ఇంత కంచు ముద్ద మోయించాడు.

"చెక్కించుకోండి," అన్నాను.

"ఏమిటి?"

"మీ పేరు. అతికిస్తే బరువు పెరుగుతుంది, చెక్కితే తగ్గుతుంది. లోతుగా చెక్కించుకోండి, తనివితీరా తగ్గుతుంది."

ఎత్తిపొడవడానికే అన్నాను. ఆయనకి తగలాలనే అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, పట్టీ వంక చూసి, మళ్లీ నా మొహం వంక చూశాడు. కోపం రాలేదు. పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటున్నాడు. ఆ మనిషితో అదే చిక్కు, తిట్టినా అందులో పనికొచ్చేది ఏరుకుంటాడు.

"పట్టీ మీద భారం ఏమీ పడదు. గీత అడుగు పదునుగా ఉంటే పగులుతుంది. గుండ్రంగా తీయగలవా?"

"ఇరవయ్యేళ్లు తుపాకుల మీద ఏం తీశాననుకున్నారు? ముగ్గులా?"

"ఎంత లోతు?"

"మీకెంత కావాలి?"

తెవెనార్ గారిని అడిగాం. ఆయన రూలు కాగితం మరోసారి చదువుకుని, చెక్కిన పేరు ఊడదీయడానికి వీల్లేనిదే కదా, అభ్యంతరం లేదన్నారు. నా ఉలులు ఎప్పుడూ నా సంచిలోనే ఉంటాయి. ఎందుకు తెచ్చావు అని ఎవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. బెన్వా ఇంజను ఎదుట కూర్చుని సిలిండర్లు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. నేను పట్టీ మీద సుద్దతో గీతలు గీసి, పైభాగంలో గెరినో అని మొదలుపెట్టాను. బొటనవేలంత ఎత్తు అక్షరాలు. సెలెస్తిన్ ఒక నూనె గుడ్డ పరిచి, రాలిన ఉక్కు రజను ఒక్క పలుకు పోకుండా పట్టాడు. పెద్దాయన ఆ రజను తన జేబు త్రాసులో పోస్తున్నాడు. కంసాలి త్రాసు లాంటిది, ఆయన అది లేకుండా ఇల్లు కదలడు.

చెప్పుకోవాలి కదా, బాగా చెక్కాను. కోపం ఉన్న మాట నిజమే, కానీ ఉలికి నా కోపం తెలియదు. ఒక్కో అక్షరం ఉలి కింద నుంచి మెరుస్తూ లేచింది. పెద్దాయన పేరు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. ఎవరో రొట్టె, సాసేజీ తెచ్చారు, నేను ముట్టలేదు.

"ఇప్పుడు అవతలి వైపు," అన్నాడు పెద్దాయన. "ఇటు ఎంత పోయిందో అటూ అంతే పోవాలి. లేకపోతే తిరిగేటప్పుడు ఊగి ఊగి బల్లని పీక్కుని పోతుంది."

"అటేం చెక్కను?"

ఆయన నోరు తెరిచాడు. అవతల కూడా గెరినో అనే చెప్పబోయాడని నాకు తెలుసు. చుట్టూ నాలుగుసార్లు తన పేరే చెక్కించుకున్నా కాదనేవాడెవడు. పేరు ఒకటే, తూకం ఖాయం, లెక్క సులువు. నేను ఉలి పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు. నన్నెరిగినవాళ్లకి తెలుస్తుంది అది ఎంత కష్టమో.

త్రాసులో ఒక పళ్లెంలో ఆయన పేరు రజనుగా ఉంది. రెండో పళ్లెం ఖాళీ. ఆ ఖాళీ పళ్లెం గాల్లో వేలాడుతోంది. పెద్దాయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తలెత్తి బెన్వా చేతుల వంక చూశాడు. ఆ చేతులు చలికాలమంతా తీసిన సిలిండర్లనే పట్టుకుని ఉన్నాయి. బెన్వా ఆయన వైపు చూడటం లేదు.

"అటు షవాన్ అని చెక్కు," అన్నాడు.

"వినబడలేదు."

"మీ ఇంట్లో చెవిటివాడు ఆయన కదా, నువ్వు కాదు."

"మళ్లీ చెప్పండి."

"షవాన్," అన్నాడు ఈసారి షెడ్డంతా వినబడేలా. "నా పేరుకి సరిగ్గా ఎదురుగా. పిసరు తేడా రాకూడదు. అటు ఆ పేరు లేకపోతే నా పేరు మోసే ఇంజను నిలబడదు. చాలా? ఇంకా చెప్పాలా?"

"చాలు," అన్నాను, ఉలి తుడుచుకుంటూ.

బెన్వాకి ఇవేమీ వినబడలేదు. ఇంజను కొంచెం తిప్పి పట్టుకోమని సైగ చేశాను, తిప్పాడు. మొదటి అక్షరం చెక్కుతుంటే మామూలుగానే చూస్తున్నాడు. రెండో అక్షరానికి కనుబొమలు ముడిపడ్డాయి. మూడో అక్షరం లేచేసరికి ఆయన చేతులు బిగుసుకున్నాయి. తలెత్తి నా మొహం చూశాడు, నేను తలెత్తలేదు. ఎత్తితే ఉలి జారేది. మిగతా అక్షరాలు ఆయన ఊపిరి నా మణికట్టుకి తగులుతుండగా చెక్కాను. ఆఖరిది అయ్యాక పెద్దాయన ఆ రజను రెండో పళ్లెంలో పోశాడు. కాస్త తక్కువైంది. చివరి అక్షరం ఇంకొంచెం లోతు చేశాను. రెండు పళ్లేలూ సమానంగా నిలిచాయి. పెద్దాయన త్రాసు పట్టుకుని ఎంతసేపు అలా నిలబడ్డాడో.

ఆ తర్వాత ఇరుపక్కలా కుడివైపు సెలెస్తిన్ రూసలో, ఎడమవైపు లె గ్వెన్. రూసలో పేరు పొడుగు, లె గ్వెన్ పేరు పొట్టి. పొట్టి పేరుకి అక్షరాలు లావు చేసి తూకం సరిచేశాను. నా పేరు లావుగా ఉంది అన్నాడు లె గ్వెన్. వచ్చే వారం మాటలు కూడా అతనికి అప్పుడే అయిపోయాయి. సెలెస్తిన్ తన పేరు వేలితో తడిమి, ఇక ఎవరైనా పిస్టన్ పగిలిందంటే దాక్కోవడానికి చోటు లేదే వదినా అన్నాడు.

ఇంజను మళ్లీ కాటా ఎక్కింది. అయిదుకి ఇంకా గంటే ఉంది. ముల్లు దిగింది, డెబ్బై అయిదు గీత దగ్గరికొచ్చింది, కానీ గీత దాటి రాలేదు. వెంట్రుకవాసి అవతల ఆగిపోయింది. తెవెనార్ గారు వంగి చూసి, పెదవి విరిచారు. ఆ మనిషికి కూడా బాధగానే ఉంది, మొహంలో తెలుస్తూనే ఉంది.

"ఇంకెవరి పేరు మిగిలింది?" అని అడిగారాయన.

అప్పుడు మా ఆయన లేచి వచ్చి, నా చేతిలో ఉలి ఉన్న చేతినే పట్టుకుని, పట్టీ మీదికి తీసుకెళ్లి, రెండు పేర్ల మధ్య ఖాళీలో ఆనించాడు. నాకు ఆ క్షణం వరకూ నా గుర్తు తోచనేలేదు. ఒట్టు, నిజంగానే తోచలేదు. పలక బరువు తోచని పెద్దాయనని అంతసేపు తిట్టుకున్నదాన్ని, నా విషయం నేనూ మర్చిపోయాను.

"కానీయమ్మా," అన్నాడు పెద్దాయన. "నాలుగు ఖాళీల్లోనూ వేయి. సమానంగా."

నాలుగు పేర్ల మధ్య నాలుగు పువ్వులు. ఒక్కోదానికీ నాలుగు చుక్కలు. చుక్కలు లోతుగా గుండ్రంగా తవ్వాను, సెనగ గింజ పట్టేంత. చెయ్యి లాగేస్తోంది, వేళ్లు కందిపోయాయి, కానీ ఆఖరి చుక్క మొదటి చుక్కలాగే వచ్చింది. మళ్లీ కాటా ఎక్కించారు. ముల్లు గీత మీదికి వచ్చి, కాస్త తటపటాయించి, ఇవతలికి దిగింది.

తెవెనార్ గారు కాగితం మీద రాసుకున్నారు. చేసినవాళ్ల పేరు అన్న చోట కలం ఆపి, పట్టీ చుట్టూ నడుస్తూ పేర్లన్నీ చదివారు. ఒకే పేరు ఉండాలని రూలు అనలేదు అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. పువ్వుల దగ్గర వంగి, ఇది ఎవరు అని అడిగారు.

"నేను," అన్నాను.

"సెంతెతియెన్ పనితనం," అన్నారాయన. ఫిరంగుల మనిషి కదా, తెలుస్తుంది.

మర్నాడు ఇంజనుని బల్ల మీద బిగించి తిప్పారు. మూడు గంటలు. పెద్దాయన ఒక్కచోట నిలబడలేకపోయాడు, షెడ్డు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. బెన్వా బల్ల కాలు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, ఆయన వినేది అలాగే. ఊగిసలాట ఉంటే మా అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఆముదం పొగ కమ్ముకుని అందరి మొహాలూ జిడ్డోడుతున్నాయి. ఇంజను తిరుగుతుంటే పట్టీ మీద ఏ పేరూ కనబడలేదు. అన్నీ కలిసిపోయి ఒక్క వెండి గీతలా మెరిసింది. అంత వేగంలోనూ బల్ల మీద పెట్టిన నీళ్ల గ్లాసు అలాగే ఉంది. గర్వంగా ఉండదా మరి. నా జన్మలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు, దాచుకోవలసిన అవసరమూ లేదు.

గడువు అయ్యాక పెట్రోలు ఆపారు. ఇంజను నెమ్మదించింది. వెండి గీత విడిపోయి మళ్లీ పేర్లయింది. ఇంజను నెగ్గిందండి అంటూ తెవెనార్ గారు పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపారు. పెద్దాయన ఆ చెయ్యి వదిలించుకుని నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చాడు. నా వైపు చూడలేదు, మీ ఆయనకి చెప్పు అనలేదు. బెన్వాకి కనబడేలా ఎదురుగా నిలబడి, పెదాలు విడివిడిగా కదిలిస్తూ అడిగాడు.

"ఎలా ఉంది?"

బెన్వా బల్ల మీది నుంచి చెయ్యి తీశాడు. లేచి, వేడి ఇంజను దగ్గరికి వెళ్లి, పట్టీ మీదికి వంగి, మసక కళ్లు చికిలించి చూశాడు. చలికాలం మొదట్లో మూసిన నోరు అప్పుడు తెరిచాడు. చెవిటివాళ్ల గొంతు కదా, షెడ్డంతా మోగింది.

"ఇంజను బాగుంది. మీ పేరులో ఆఖరి అక్షరమే కాస్త లోతు తక్కువైంది. మా ఆవిడ చేత సరిచేయించుకోండి."

పెద్దాయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మొహం తుడుచుకున్నాడు, ఆముదం తుడుచుకున్నాడో ఇంకేం తుడుచుకున్నాడో నాకు తెలియదు.

ఆ అక్షరం లోతు తక్కువ అన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఆ ఇంజను ఎక్కడుందో వెతికి, కొలుచుకోండి.